అన్నకు పెద్దపేగు క్యాన్సర్, తోబుట్టువులకు పరీక్ష: నల్గొండ జిల్లా నుంచి ఒక కేస్ స్టడీ

డిశ్చార్జి కాగితాల చివరి పేజీలో, మందుల పట్టిక కింద, ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను ఉంది: రోగి తోబుట్టువులు కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా పైపు పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేయించుకోవాలని. ఆ కాగితాలు రేషన్ కార్డుతోపాటు ప్లాస్టిక్ కవర్లోకి, అక్కణ్నుంచి బీరువాలోకి పోయాయి. ఏడు నెలలు గడిచినా నలుగురు తోబుట్టువుల్లో ఒక్కరూ రాలేదు. అడిగితే ఎవరూ రామనలేదు. తమను రమ్మన్నట్టే వాళ్లకు తెలియదు.

మన దగ్గర పెద్దపేగు క్యాన్సర్‌కు ఊరంతటికీ చేసే స్క్రీనింగ్ లేదు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం చేయించే పరీక్షల్లో ఉన్న క్యాన్సర్లు నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారానిది. ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి కొత్తగా వచ్చే పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్లు దాదాపు 70 వేలు. ఇంత జనాభాలో అది చిన్న సంఖ్యే కాబట్టి ఇంటింటికీ మలం పరీక్ష కిట్లు పంచమని అడగడం కష్టం. కానీ తల్లిదండ్రులకో తోబుట్టువుకో ఈ జబ్బు వచ్చినవారికి ముప్పు మామూలు మనిషికంటే సుమారు రెండింతలు. అంటే ఎవరిని పిలవాలో ఆసుపత్రి మంచం పక్కనే తెలిసిపోతుంది. వాళ్లను రప్పించడంలో ఎక్కడ పని చెడుతుందో, దాన్ని ఎలా సరిచేయవచ్చో చూపడానికే ఈ కేసు. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా, ఒకే తీరులో నడిచే కుటుంబాల వివరాలను ఒక కుటుంబంగా కూర్చి రాసింది ఇది.

కేసు

రోగికి 48 ఏళ్లు. మునుగోడు వైపు పల్లె, పత్తి చేను, కొన్ని బత్తాయి చెట్లు. ఏడాదిన్నరగా దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడుతోంది. మొలలు అనుకున్నాడు. ఇంట్లోవాళ్లూ, ఊరి ఆర్‌ఎంపీ కూడా అదే అన్నారు. మొదట ఆకు పసరు, తర్వాత పూత మందు, ఆ తర్వాత బస్టాండు గోడ మీద పోస్టర్ చూసి వెళ్లిన మొలల దవాఖానలో రెండు సూదులు. మొలలు నిజంగానే ఉన్నాయి, చిక్కు అక్కడే వచ్చింది. మొలలు కనిపించగానే వెతకడం ఆగిపోయింది. గడ్డ మలద్వారం నుంచి ఆరు సెంటీమీటర్ల లోపల ఉంది. గ్లౌజు తొడిగి వేలితో చూస్తే తగిలే దూరమే. ఏడాదిన్నరలో ఎవరూ వేలు పెట్టి చూడలేదు. హిమోగ్లోబిన్ 7.8కి పడిపోయి, చేనులో కళ్లు తిరిగి పడ్డాకే పెద్ద ఆసుపత్రికి చేరాడు.

మూడో దశ. రేడియేషన్, కీమో, ఆపరేషన్, పొట్ట మీద మలం సంచి. ఈ సంచిని గుర్తుంచుకోండి, తర్వాత జరిగిన సగం కథ దీని చుట్టే తిరిగింది.

నెత్తురు పడుతున్నవారికి చేసేది స్క్రీనింగ్ కాదు, నేరుగా రోగ నిర్ధారణే. 40 దాటిన మనిషికి మలంలో నెత్తురు పడినా, మగవాడికి కారణం తెలియని రక్తహీనత ఉన్నా, పీహెచ్‌సీలోనే వేలి పరీక్ష చేసి పైకి పంపాలి. స్క్రీనింగ్ అనేది ఏ బాధా లేనివారికి. ఒప్పించడం కష్టమయ్యేదీ అందుకే. ఏ బాధా లేని మనిషి పని మానుకుని దవాఖానకు ఎందుకు రావాలి?

ఎవరికి, ఏ వయసులో

వంశవృక్షం గీయడానికి పది నిమిషాలు చాలు. అక్క 52, దేవరకొండ వైపు. తమ్ముడు 44, నల్గొండలో ఆటో. చిన్న తమ్ముడు 41, భివండిలో మరమగ్గాల పని. చెల్లె 38, మహబూబ్‌నగర్ దగ్గర. తండ్రి సంగతి అడిగితే 'కడుపుల గడ్డ లేసి పోయిండు' అన్నారు. కాగితాలు లేవు. ఇలాంటి జవాబు మన దగ్గర మామూలే, అలాగే రాసుకోవాలి. తండ్రి విషయం తేలలేదు కాబట్టే రోగి గడ్డ ముక్క మీద ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అనే నాలుగు ప్రొటీన్ల పరీక్ష అడిగారు. నాలుగూ ఉన్నాయి. లేకపోయి ఉంటే లించ్ సిండ్రోమ్ (వంశంలో దిగే క్యాన్సర్ ముప్పు) అనుమానంతో, జన్యు పరీక్ష మీదుగా, ఇరవైల్లో ఉన్న పిల్లల దాకా లెక్క మారిపోయేది.

ఇక్కడ వాడిన లెక్క ఇది. దగ్గరి బంధువుకు 60 ఏళ్లలోపు జబ్బు వస్తే, 40 ఏళ్లకో, లేదా ఆ బంధువుకు జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. బాగుంటే ఐదేళ్లకోసారి. అన్నకు 48లో బయటపడింది, పది తీసేస్తే 38. అంటే చెల్లెకు కూడా ఈ ఏడాదే. రోగి పిల్లలకు 22, 19. వాళ్లకు ఇప్పుడేం అక్కర్లేదు, కానీ 38 అన్న అంకె రాసి ఇవ్వాలి.

పదేళ్ల లెక్క ఊరికే వచ్చింది కాదు. పేగు లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న బుడిపె పుట్టి, క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆ లోపు చూస్తే తీగ ఉచ్చుతో కోసి తీసేయవచ్చు. జబ్బును తొందరగా పట్టుకోవడమే కాదు, రాకుండానే ఆపవచ్చన్న ఈ మాట తోబుట్టువుల్లో ఒక్కరికీ తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా 'పైపు పెడితే సంచి పెడతరు' అన్నదే. అన్నకు ముందు పైపు పెట్టారు, తర్వాత సంచి వచ్చింది. వాళ్లు చూసిన వరుస అదే కాబట్టి ఆ భయాన్ని అజ్ఞానం అనలేం.

పిలుపు ఎవరి నోటి నుంచి

ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే నలుగురూ 'సరే సార్, చూస్తం' అన్నారు. ఆ మాటకు అర్థం ఇక్కడ అందరికీ తెలుసు. రెండో విడత రోగితోనే మాట్లాడించారు. ఏం చెప్పాలో ముందే అనుకుని, మూడు ముక్కలకు కుదించారు. నాకొచ్చింది, మీకు వచ్చిందని కాదు. మీకు పైపు పెట్టేది సంచి రాకుండా చూసేందుకే. ఫలానా తారీఖున ఫలానా చోటికి రావాలి. మూడో ముక్క లేకపోతే మొదటి రెండూ పరామర్శగానే మిగిలిపోతాయి. తారీఖు చెప్పకుండా 'వీలు చూసుకుని రండి' అంటే ఆ వీలు ఎప్పటికీ కుదరదు.

ఆ తారీఖు కూడా చేను చూసి పెట్టాలి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పిలిస్తే ఇద్దరి కూలి పోతుంది, వచ్చినవారిదీ, తోడు వచ్చినవారిదీ. మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి లేనిదే చేయరు.

మొదట చెప్పే కారణం, అసలు కారణం ఒకటి కావడం అరుదు. ఆటో తమ్ముడు తీరిక లేదన్నాడు. నిజానికి మొదటి రోజే బయల్దేరగలిగినవాడు అతడే. అక్క 'ఈ వయసుల నాకెందుకు' అన్నది. ఆమె కూతురికి సంబంధాలు చూస్తున్నారు. చెల్లె 'మా ఆయన ఒప్పుకోడు' అన్నది, ఆయననైతే ఎవరూ అడగనే లేదు. మొదటి కారణానికి జవాబు చెప్పి వదిలేస్తే పని కాదు. 'సరే, తీరిక దొరికిందనుకో, అప్పుడు వస్తవా?' అని ఇంకో ప్రశ్న వేస్తే అసలు సంగతి బయటికొస్తుంది.

తమ్ముడు: చెడిపోయిన మొదటి పరీక్ష

ఆటో తమ్ముడికి హైదరాబాద్‌లో పొద్దున 11 గంటలకు టైం ఇచ్చారు. చేతిలో ఇంగ్లీషు కాగితం, పేగు కడిగే పీఈజీ పొడి ప్యాకెట్ ఒకటి. కాగితంలో 'తక్కువ పీచు ఆహారం' అని ఇంగ్లీషులో ఉంది. మెడికల్ షాపాయన 'లైట్‌గ తిను' అని చెప్పాడు. అతడికి లైట్ అంటే అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ. పేగు కడగాల్సిన ముందు రోజు రాత్రి తినకూడనివి వెతికి పెట్టినట్టే ఉంది ఆ భోజనం.

పొడిని రెండు లీటర్ల నీళ్లలో కలిపి, సగం రాత్రి, సగం పొద్దున తాగాలి. పొద్దున సగం ఐదింటికి మొదలుపెడితే ఆరున్నరకు అవుతుంది. ఆ తర్వాత గంటన్నర, రెండు గంటలు పదే పదే దొడ్డికి పోవాలి. అతడేమో ఆరున్నర బస్సు ఎక్కాలి. నల్గొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు, బస్సులో మరుగుదొడ్డి ఉండదు. కాబట్టి అతడు చేసింది తెలివైన పనే: పొద్దున డోసు తాగలేదు. రాత్రి డోసు కూడా పట్టక సగం పారబోశాడు.

ఫలితం ఊహించిందే. పేగు శుభ్రతను మూడు భాగాలకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసి చూస్తారు. ప్రతి భాగానికీ కనీసం రెండు రావాలి. కుడివైపు భాగానికి ఒకటే వచ్చింది. పరీక్ష మధ్యలో ఆపి, మళ్లీ రమ్మన్నారు. అతడు ఊరికి వచ్చి 'ఆ మందు తాగితే సచ్చినంత పనైంది, అయినా ఏం కనవడలేదట' అని చెప్పాడు. ఆ ఒక్క మాటకు అక్క, చెల్లె ఇద్దరూ ఫోన్లు ఎత్తడం మానేశారు. ఒక పరీక్ష చెడితే ఆ ఇంట్లో మిగతావన్నీ వెనక్కి పోతాయి. అందుకే మొదట వచ్చే మనిషి మీద మిగతావాళ్లకంటే ఎక్కువ సమయం పెట్టాలన్నది మా అభిప్రాయం.

రెండోసారికి మార్చినవి రెండే. ఒకటి, ముందు రోజు సాయంత్రమే ఎల్బీనగర్‌లో మేనమామ కొడుకు ఇంటికి చేరడం. సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు కలిసే ఆ చుట్టుపక్కల నల్గొండవాళ్లలో చాలామందికి ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఇంట్లో ఆ రాత్రికి, పొద్దునకు మరుగుదొడ్డి ఇతడికి వదిలేయాలని ముందే మాట్లాడుకోవాలి. చుట్టాలు లేనివారికి ఆసుపత్రి దగ్గర గది, లేదంటే జిల్లా కేంద్రంలోనే పరీక్ష. రెండోది, ఇంగ్లీషు కాగితం బదులు వాట్సాప్‌లో తెలుగు మాటల సందేశం, గంట గంటకూ ఒకటి.

ఆ సందేశాల్లో ఉన్నది ఇదీ. మూడు రోజుల ముందు నుంచి జొన్న, సజ్జ రొట్టెలు, మక్కజొన్న, పల్లీలు, నువ్వులు, ఆకుకూరలు, జామ, గింజలున్న టమాట, వంకాయ బంద్. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, గుడ్డు, తొక్క తీసిన ఆలుగడ్డ తినొచ్చు. ఇనుము మాత్రలు వారం ముందే ఆపాలి, అవి మలాన్ని నల్లగా జిగటగా చేసి పేగు గోడకు అంటిస్తాయి. ముందు రోజు మధ్యాహ్నం 12 లోపు పెరుగన్నం, అదే ఆఖరి ముద్ద. తర్వాత వడకట్టిన బత్తాయి రసం, కొబ్బరి నీళ్లు, ఓఆర్‌ఎస్, పాలు లేని చాయ్. ఎర్ర రంగు కూల్‌డ్రింకులు వద్దు, లోపల నెత్తురులా కనిపిస్తాయి. కల్లు తాగొచ్చా అని దాదాపు ప్రతి మగవాడూ అడుగుతాడు. వద్దు. మజ్జిగ కూడా వద్దు. షుగర్ మాత్రలు, సూదులు ఎలా తగ్గించాలో, నెత్తురు పలచబరిచే మందులు ఎప్పుడు ఆపాలో రాసిచ్చిన డాక్టరునే అడగాలి. బీపీ మాత్ర మామూలుగానే.

పొడి కలపడానికి ఖాళీ రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా కొలతగా సరిపోతుంది. ఫ్లోరైడ్ బాధ చూసిన జిల్లా కాబట్టి ఏ నీళ్లు అని అడుగుతారు. ఇంట్లో తాగే నీళ్లే, చల్లవి అయితే మంచిది. రుచి ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. నిమ్మకాయ పిండుకోవచ్చు. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి పావుగంట, ఇరవై నిమిషాలకో గ్లాసు, లీటరు పూర్తిచేయాలి. గబగబా తాగితే వాంతి అవుతుంది. వాంతి అయితే అరగంట ఆగి మళ్లీ మెల్లగా. పొద్దున ఐదింటికి రెండో లీటరు, ఆరున్నరకు ముగించాలి. ఎనిమిదిన్నర తర్వాత నీళ్లు కూడా వద్దు. ఆఖరికి లేత పసుపు నీళ్లలా, అడుగు కనిపించేలా రావాలి. ఇంకా మురికిగా, ముక్కలతో వస్తుంటే దాచకుండా ఆసుపత్రికి చెప్పాలి.

ఈసారి మూడు భాగాలకూ మూడు, రెండు, మూడు. మొదటిసారి మురికిలో కనిపించని కుడివైపే 11 మిల్లీమీటర్ల పాలిప్ దొరికింది. అక్కడే ఉచ్చు వేసి తీశారు, సాయంత్రానికి ఇంటికి పోయాడు. బయాప్సీలో ట్యూబులర్ అడినోమా, అంటే వదిలేస్తే క్యాన్సర్‌గా మారగల బుడిపె, ఇంకా క్యాన్సర్ లేదు. సెంటీమీటరు దాటింది కాబట్టి మళ్లీ మూడేళ్లకు రావాలి. తీసిన చోట రెండు వారాల దాకా నెత్తురు వచ్చే అవకాశం ఉంటుంది, వస్తే ఆగకుండా రావాలని చెప్పి పంపారు. అతడు ఎవరికీ ఏమీ చెప్పలేదు. 'బుడిపె తీసిండ్రు, సంచి గించి ఏం లేదు' అని వదినకు, ఆడబిడ్డలకు ఫోన్లు చేసింది అతడి భార్య.

అక్క: కిట్టు, మోదుగాకు

అక్క పైపుకు ఒప్పుకోలేదు. ఇలాంటప్పుడు ఉన్న రెండో దారి ఏటా చేసే మలం పరీక్ష, ఫిట్. మలంలో కంటికి కనిపించని నెత్తురును ఇది పట్టుకుంటుంది. కుటుంబంలో జబ్బు ఉన్నవారికి ఇది కొలనోస్కోపీకి సమానం కాదు. ఒకసారి చేస్తే ఉన్న క్యాన్సర్లలో నూటికి 80 దాకా పట్టుకుంటుంది, పాలిప్‌లను మాత్రం చాలావరకు వదిలేస్తుంది. తమ్ముడి బుడిపెను కూడా వదిలేసి ఉండేదేమో. అయినా చేయించుకోని మంచి పరీక్ష కంటే చేయించుకున్న ఓ మోస్తరు పరీక్ష మేలు. ఇంగ్లండ్‌లో పాత మలం పరీక్షకు మూడు విడతల నమూనాలు కావాల్సి వచ్చేవి, ఫిట్‌కు ఒక్కటి చాలు. అక్కడ ముందుగా చేసి చూసిన పైలట్‌లో పాత కిట్టు పంపితే నూటికి 59.3 మంది, ఫిట్ పంపితే 66.4 మంది తిప్పి పంపారు. పిలుపు అదే, మారింది పని బరువు. 2019లో దేశమంతా ఫిట్‌కు మారారు.

కిట్టు ఎవరు ఇవ్వాలి? ఆశా కార్యకర్త అన్నది మామూలు జవాబు. ఇక్కడ అది కుదరలేదు, ఎందుకంటే ఆశా కార్యకర్త అక్క వాడకట్టు మనిషే. 'క్యాన్సరోళ్ల ఇల్లు' అన్న మాట పెండ్లి సంబంధాల దాకా పోతుందని అక్క భయం. అందుకే తమ్ముణ్ని చూడటానికి పుట్టింటికి వచ్చిన రోజు అక్కడే కిట్టు చేతికిచ్చారు. ఫలితం ఆమె ఫోన్‌కే చెప్పాలి, అల్లుళ్లకో కొడుకులకో కాదు. కిట్టు ఇచ్చే ముందే ఒక మాట తీసుకోవాలి: తేడా వస్తే పైపు పరీక్షకు వస్తవా? రానంటే కిట్టు ఇచ్చి లాభం లేదు.

చేసే తీరు: సీసా మూతకు అతుక్కుని ఒక పుల్ల ఉంటుంది, చివర సన్నని గాడులు. మలం నీళ్లలో పడక ముందే తీయాలి, నీళ్లు తగిలితే నెత్తురు కరిగిపోతుంది. బేసిన్ ఉన్న ఇంట్లో పాత పేపరు పరుస్తారు. అక్క ఇంట్లో పేపరు జారిపోతుంటే చినిగిన మోదుగ విస్తరాకు పెట్టుకుంది. కిట్టు కాగితంలో లేని ఉపాయం, కానీ పేపరు కంటే బాగా పనిచేసింది. పుల్లతో మలం పైపైన అయిదారు చోట్ల గీకాలి, గాడులు నిండితే చాలు. కావాల్సింది పది మిల్లీగ్రాములే. ఎక్కువ పెడితే పరీక్ష బాగా అవుతుందనుకుని ముద్ద పెట్టేవాళ్లు ఉంటారు, అది చెడిపోతుంది. పుల్లను టక్కుమనేదాకా లోపలికి నొక్కి, మళ్లీ తెరవకూడదు. ఈ పరీక్ష మనిషి నెత్తురునే గుర్తుపడుతుంది కాబట్టి మాంసం మానక్కర్లేదు. నెలసరి ఉంటే అయిపోయాక మూడు రోజులు ఆగాలి. మొలల నుంచి నెత్తురు పడుతున్న రోజుల్లో చేసి, పాజిటివ్ వస్తే 'మొలలదేలే' అనుకోవడం మాత్రం అన్న చేసిన తప్పునే మళ్లీ చేయడం.

అక్క మొదటి నమూనా పరీక్షకు పనికిరాలేదు. సీసా మీద తారీఖు లేదు. మే నెల ఎండలో అది ఎన్ని రోజులు గూట్లో ఉందో చెప్పలేకపోయారు. వేడికి సీసాలోని హిమోగ్లోబిన్ విరిగిపోయి, ఉన్న నెత్తురు లేనట్టు వస్తుంది. ఇటలీలోనే వేసవిలో పాజిటివ్‌లు తగ్గుతాయని చూశారు, మన 44 డిగ్రీల గురించి చెప్పాలా? రెండోసారి తారీఖు రాసే చీటీని సీసా మీద ముందే అంటించి, తారీఖు మాత్రం ఆమెను నింపమన్నారు. ఫ్రిజ్‌లో కూరగాయల పక్కన పెట్టడానికి ఆమె ఒప్పుకోదని తెలిసి, మూతగల స్టీలు డబ్బా ఇచ్చారు. మరుసటి రోజుకే ల్యాబుకు చేరింది. గ్రాము మలానికి 20 మైక్రోగ్రాముల హిమోగ్లోబిన్ అన్న గీత కంటే తక్కువ, నెగెటివ్. మళ్లీ వచ్చే ఏడాది.

చెల్లె

ఇక్కడ పెద్ద అడ్డంకి ఆసుపత్రి గదిలో ఎవరుంటారన్నది. ఆడ నర్సు ఉంటుందని, వెనక చీలిక ఉన్న ప్యాంటు ఇస్తారని, మీద దుప్పటి కప్పుతారని తమ్ముడి భార్య చెప్పాక బయల్దేరింది. భర్తతో ఒక్కసారి ఫోన్లో మాట్లాడితే సరిపోయింది. ఆధార్ కార్డుతో ఆర్టీసీ బస్సులో ఆమెకు టికెట్ లేదు, భర్తకే కిరాయి. పేగుకు చిల్లు పడుతుందా అని ఆయన అడిగాడు. పడే అవకాశం వెయ్యిమందిలో ఒకరికంటే తక్కువ అని దాచకుండా చెప్పారు. పేగు శుభ్రంగా వచ్చింది, ఏమీ లేదు. 'ఐదేళ్లకు రండి' అనకుండా నెల, సంవత్సరం రాసి, ఆమె ఫోన్లో, భర్త ఫోన్లో రెండిట్లోనూ పెట్టారు.

భివండి తమ్ముడు ఇంకా రాలేదు. పీసు లెక్క పని, సెలవు లేదు. కిట్టు పోస్టులో పంపుదామని అనుకున్నారు కానీ వెళ్లడానికి, రావడానికి పట్టే రోజులు, ఆ వేడి లెక్కేసుకుని వద్దనుకున్నారు. అక్కడే దగ్గరి ఆసుపత్రిలో చేయించుకోమంటే, ఎవరూ తెలియని చోట పైపు పెట్టించుకోనన్నాడు. బతుకమ్మకు, దసరాకు ఇంటికి వస్తాడు. పండుగ అయిన మూడో రోజుకు నల్గొండలో టైం తీసుకుని, పొడి ప్యాకెట్ అన్న ఇంట్లో పెట్టారు. పండుగ రోజు తినే మాంసం, సద్దులు, సత్తుపిండి సంగతి వాళ్ల వదినకు చెప్పి ఉంచారు.